హెచ్‌ఆర్ దగ్గరికి వెళ్లాలా, వద్దా?

ప్రశ్న: గచ్చిబౌలిలో ఒక ఐటీ సర్వీసెస్ కంపెనీలో ఆరేళ్లుగా టెస్టింగ్‌లో పనిచేస్తున్నాను. ఏప్రిల్‌లో మాకు కొత్త మేనేజర్ వచ్చాడు. అప్పటినుంచి నెలకి రెండు మూడు శనివారాలు పని తప్పడం లేదు. కాంప్ ఆఫ్ (సెలవు రోజు పనికి బదులు ఇచ్చే సెలవు) అడిగితే ‘తర్వాత చూద్దాం’ అంటాడు. రాత్రి పదిన్నరకి కాల్ పెడతాడు. పన్నెండు మంది ఉన్న కాల్‌లో ‘ఆరేళ్ల ఎక్స్‌పీరియన్స్ అంటే ఇదేనా, నీకన్నా ఫ్రెషర్ నయం’ అన్నాడు. మిడ్ ఇయర్‌లో రేటింగ్ తగ్గించాడు. ఇలాగే ఉంటే పీఐపీలో (పనితీరు మెరుగుపరచుకోవడానికి గడువు పెట్టే ప్రణాళికలో) పెడతానని కూడా అన్నాడు. ఫార్మా ఫ్యాక్టరీలో పనిచేసే మా అన్నయ్య వెంటనే హెచ్‌ఆర్‌కి చెప్పమంటున్నాడు. ఆఫీసులో ఫ్రెండ్సేమో ‘హెచ్‌ఆర్ కంపెనీ మనుషులే, పొద్దున చెప్పింది సాయంత్రానికి మేనేజర్ చెవిలో ఉంటుంది’ అంటున్నారు. అసలు ఈ హెచ్‌ఆర్ వల్ల మనకు ఉపయోగమా, అడ్డమా?
– ఒక సోదరి, హైదరాబాద్

సమాధానం: వెళ్లండి. కానీ ఈ వారం వద్దు. మాకు రాసిన ఈ ఉత్తరాన్నే అక్కడా ఇస్తే మాత్రం పని జరగదు. ఎందుకో చెప్పాలంటే ముందు మీరు వెళ్లబోయేది ఎవరి దగ్గరికో తేల్చుకోవాలి.

మీ అన్నయ్య చూసిన హెచ్‌ఆర్ వేరు, మీ ఫ్రెండ్స్ చూసిన హెచ్‌ఆర్ వేరు. మన దేశంలో ఈ ఉద్యోగం మిల్లుల్లో మొదలైంది. కార్మికుల పరిస్థితి మీద 1929లో వేసిన రాయల్ కమిషన్ 1931లో రిపోర్టు ఇస్తూ, మేస్త్రీల పెత్తనాన్ని గట్టిగా ఎత్తిచూపింది. పనిలో పెట్టుకునేదీ వాళ్లే, తీసేసేదీ వాళ్లే, ఉద్యోగం కావాలంటే వాళ్ల చేయి తడపాల్సిందే. ఆ అధికారాన్ని మేస్త్రీల చేతిలోంచి తీసి లేబర్ ఆఫీసర్ అనే వేరే మనిషికి ఇవ్వమని కమిషన్ చెప్పింది. తర్వాత 1948 ఫ్యాక్టరీల చట్టం 500 మందీ అంతకు మించీ కార్మికులున్న ఫ్యాక్టరీలో వెల్ఫేర్ ఆఫీసర్ తప్పనిసరి అంది. 2025 నవంబర్‌లో అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక చట్టంలో (కోడ్) ఆ సంఖ్య 250కి దిగింది. సూపర్‌వైజర్ మీద ఫిర్యాదు వినడానికి ఒక మనిషి ఉంటాడని మీ అన్నయ్య నమ్మడానికి ఈ చరిత్ర ఉంది.

ఐటీ ఆఫీసు ఫ్యాక్టరీ లెక్కలోకి రాదు కాబట్టి అక్కడ ఆ పదవి లేదు. రేటింగ్, హైక్, ప్రాజెక్టు, సెలవు అన్నీ తిరిగి మేనేజర్ చేతికే వచ్చాయి. ఆ నిర్ణయాలకు కావలసిన ఫారాలు, గడువులు, సిస్టమ్ హెచ్‌ఆర్ సమకూరుస్తుంది. హెచ్‌ఆర్ మీద జనానికి ఉన్న కోపంలో సగం ఈ ఏర్పాటు మీద చూపించాల్సింది. నవ్వుతూ పలకరించిన అమ్మాయి అవసరం పడినప్పుడు చేతులెత్తేసిందంటే, చాలాసార్లు ఆమె చేతిలో నిజంగానే ఏమీ ఉండదు.

పైగా ‘హెచ్‌ఆర్’ అని మనం ఒకే మాటలో పిలిచేది ఒక్క జట్టు కాదు. మిమ్మల్ని ఇంటర్వ్యూకి పిలిచిన రిక్రూటర్లకు మీరు చేరిన మర్నాటి నుంచి మీతో పని లేదు, ఎంతమందిని చేర్పించారన్నదే వాళ్ల లెక్క. జీతం, పీఎఫ్, సెలవుల బ్యాలెన్స్ చూసే పేరోల్ వాళ్లు టికెట్ వేస్తే తప్ప పలకరు గానీ, టికెట్ వేస్తే పని అవుతుంది. ఉద్యోగులకు అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడేది, అన్నిటికన్నా తక్కువ పేరొచ్చేది ఈ జట్టుకే. మీ ఫ్రెండ్స్ తిట్టేది హెచ్‌ఆర్ బిజినెస్ పార్టనర్‌ని, అంటే మీ విభాగం వ్యవహారాలు చూసే హెచ్‌ఆర్ మనిషిని. ఆ ఒక్కరే వందల మందిని చూడాలి, రోజూ కూర్చునేది మీ మేనేజర్ పై వాళ్లతో. పెద్ద కంపెనీల్లో ఎంప్లాయీ రిలేషన్స్ అని ఇంకో చిన్న జట్టు ఉంటుంది. లిఖితపూర్వక ఫిర్యాదులు విచారించేది వాళ్లే. మీ ఇంట్రానెట్‌లో గ్రీవెన్స్ పాలసీ తెరిస్తే ఫిర్యాదు పంపాల్సిన మెయిల్ ఐడీ, వాళ్లు జవాబివ్వాల్సిన గడువు ఉంటాయి. మీ మెయిల్ వెళ్లాల్సింది అక్కడికి. కాపీ మాత్రం బిజినెస్ పార్టనర్‌కి పెట్టండి.

ఇక అసలు సంగతి. రాసి ఉన్న రూలు, తేదీ, అంకె ఉన్నచోట హెచ్‌ఆర్ కదులుతుంది. మేనేజర్ అభిప్రాయం మీద ఆధారపడినచోట కదలదు. కంపెనీకి రిస్కు రాకుండా చూడడమే వాళ్ల ఉద్యోగం. మీ ఫిర్యాదు కాగితం మీద కంపెనీకి రిస్కుగా కనిపించిందంటే అదే ఉద్యోగం మీ పక్షాన పనిచేస్తుంది. మీరు చెప్పిన నాలుగు విషయాల్నీ ఈ చూపుతో చూడండి.

శనివారాల పని అన్నిటికన్నా బలమైనది. మీ స్వైప్ డేటా, వీపీఎన్ లాగిన్, ఆ రోజు పంపిన టెస్ట్ రిపోర్ట్ మెయిల్, అన్నీ కంపెనీ సర్వర్లలోనే ఉన్నాయి, ఎవరూ కాదనలేరు. మెలిక వేరే చోట ఉంది. చాలా పాలసీల్లో కాంప్ ఆఫ్‌కి మేనేజర్ ముందస్తు అనుమతి ఉండాలి, సిస్టమ్‌లో రిక్వెస్ట్ పెట్టి ఉండాలి, ఇన్ని రోజుల్లో వాడుకోకపోతే మురిగిపోతుందని కూడా ఉంటుంది. నోటితో రమ్మని, నోటితోనే ‘తర్వాత చూద్దాం’ అంటే ఆ గడువు నిశ్శబ్దంగా దాటిపోతుంది. కాబట్టి ఇకమీదట శుక్రవారం సాయంత్రమే రెండు లైన్ల మెయిల్ పెట్టండి: ‘రేపు శనివారం 10 నుంచి 4 వరకు రిలీజ్ టెస్టింగ్‌కి ఉండమన్నారు. కాంప్ ఆఫ్ రిక్వెస్ట్ సిస్టమ్‌లో పెట్టాను, అప్రూవ్ చేయగలరు.’ అప్రూవ్ చేయకపోయినా ఫరవాలేదు. అడిగినట్టు రుజువు మిగులుతుంది.

రాత్రి పదిన్నర కాల్స్ అంత తేలిక కాదు. క్లయింట్ అమెరికాలో ఉంటే హెచ్‌ఆర్ ‘బిజినెస్ అవసరం’ అనేస్తుంది. అప్పుడు అడగాల్సింది షిఫ్ట్ గురించి. మీ షిఫ్ట్ సిస్టమ్‌లో ఉదయం 9:30 నుంచి అని ఉండి రాత్రి కాల్స్ కూడా ఉంటే, షిఫ్ట్ మార్చాలి, లేదా షిఫ్ట్ అలవెన్స్ ఇవ్వాలి, లేదా మర్నాడు ఆలస్యంగా వచ్చే వీలివ్వాలి. ఈ మూడింటిలో ఏదో ఒకటి ఇవ్వమని అడిగితే వాళ్లకు జవాబు చెప్పక తప్పదు.

పదిమందిలో అవమానించిన విషయంలో మీ బాధ నిజం. కానీ ‘హెరాస్ చేస్తున్నాడు’ అనే మాటతో హెచ్‌ఆర్ ఏమీ చేయలేదు. ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఏ కాల్, యథాతథంగా ఏమన్నాడు, ఎవరెవరు విన్నారు, ఇవి కావాలి. ఆ కాల్ కంపెనీ టూల్‌లో రికార్డయి ఉంటే ఆ మీటింగ్ తేదీ, పేరు మెయిల్‌లో రాయండి, వాళ్లే తీస్తారు. మీరు సొంత ఫోన్‌లో రహస్యంగా రికార్డ్ చేస్తే మీ తప్పు మీద విచారణ మొదలవుతుంది, అసలు విషయం పక్కకి పోతుంది.

రేటింగ్ మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. మేనేజర్ ఇచ్చిన అంకెను హెచ్‌ఆర్ తిరగరాయడం చాలా అరుదు. అయితే ఆ అంకె వచ్చిన దారిని ప్రశ్నించవచ్చు. ఏప్రిల్‌లో వచ్చిన మనిషి మీకు లిఖితపూర్వకంగా గోల్స్ ఇచ్చాడా, మధ్యలో ఒక్కసారైనా లోపం ఇదీ అని మెయిల్ పెట్టాడా, పాత మేనేజర్ అభిప్రాయం తీసుకున్నాడా? అప్పీలుకి పాలసీలో గడువు ఉంటుంది, కొన్నిచోట్ల అది రోజుల్లోనే. ముందు ఆ తేదీ చూసుకోండి, మిగతావన్నీ దాని తర్వాతే.

రుజువులు కూడబెట్టేటప్పుడు చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ఆఫీసు మెయిల్స్ అన్నీ సొంత జీమెయిల్‌కి ఫార్వర్డ్ చేసేస్తారు. కంపెనీ సాఫ్ట్‌వేర్ దాన్ని పట్టుకుంటుంది, అందులో క్లయింట్ పేరుందంటే సమాచార భద్రత ఉల్లంఘన అంటారు. అంతవరకు చేతిలో ఏమీ లేని మేనేజర్‌కి మీరే ఆయుధం అందించినట్టవుతుంది. మీవైన కాగితాలు, అంటే ఆఫర్ లెటర్, అపాయింట్‌మెంట్ లెటర్, పేస్లిప్‌లు, ఫారం 16, గత ఐదేళ్ల రేటింగ్ లెటర్లు పోర్టల్ నుంచి దించుకోండి. వాటికి అభ్యంతరం ఉండదు. మిగతాది ఇంట్లో ఒక నోట్‌బుక్‌లో ఏ రోజుకారోజు చేత్తో రాసుకోండి. లాగిన్ తీసేసిన రోజున ఆ పుస్తకమే మీ దగ్గర ఉంటుంది.

మూడు నాలుగు వారాలు ఇలా సర్దుకున్నాక (అప్పీలు గడువు ముందే ముగిసేటట్టుంటే అంతకన్నా ముందే) మెయిల్ రాయండి. సాధారణంగా వెళ్లే మెయిల్ ఇలా ఉంటుంది: ‘మా మేనేజర్ వల్ల వాతావరణం చాలా టాక్సిక్‌గా తయారైంది. మానసికంగా కుంగిపోతున్నాను. దయచేసి చర్య తీసుకోండి.’ ఇది చదివిన మనిషి ఏం చేయాలి? మేనేజర్‌ని పిలిచి అడుగుతుంది, ఆయన ‘పని బాగా లేదు, చెబితే ఫీలవుతోంది’ అంటాడు. ఫైలు మూసేస్తారు. మీ ఫ్రెండ్స్ చెప్పిన ‘సాయంత్రానికి మేనేజర్ చెవిలో’ కథ ఎక్కువగా ఇలాగే జరుగుతుంది.

దాని బదులు ఇలా రాస్తే: ‘జూలై 4, 11, 25, ఆగస్టు 8 శనివారాలు నాలుగూ ఉదయం 10 నుంచి సాయంత్రం 4 వరకు రిలీజ్ టెస్టింగ్ చేశాను, ఆ రోజుల రిపోర్టులు జత చేశాను. సెలవుల పాలసీ ప్రకారం 4 కాంప్ ఆఫ్‌లు రావాలి, ఒక్కటీ రాలేదు. ఆగస్టు 19న రాత్రి 10:30 స్టేటస్ కాల్‌లో 12 మంది ముందు నన్ను ఉద్దేశించి ఫలానా మాట అన్నారు. కోడ్ ఆఫ్ కాండక్ట్‌లో గౌరవంగా మాట్లాడాలన్న నిబంధనకు ఇది విరుద్ధమని భావిస్తున్నాను. నేను కోరేది రెండు: పెండింగ్ కాంప్ ఆఫ్‌లు ఇప్పించడం, నా పనిలో లోపాలుంటే లిఖితపూర్వకంగా ఇప్పించడం.’ పది పన్నెండు లైన్లు, అంతే. విశేషణాలు వద్దు. ‘నాకు న్యాయం కావాలి’ అని రాస్తే దాన్ని ఎవరూ మంజూరు చేయలేరు, నాలుగు కాంప్ ఆఫ్‌లైతే చేయగలరు. ఆ రెండో కోరిక ముందుముందు మీకు చాలా పనికొస్తుంది.

మీటింగ్‌కి పిలిచినప్పుడు ముందుగా అడగండి: ఈ మాట ఎవరిదాకా వెళ్తుంది? పూర్తి గోప్యత అని మాటిస్తే నమ్మకండి. విచారణ జరగాలంటే అవతలి మనిషికి ఆరోపణ చెప్పక తప్పదు. నిజాయితీగా ‘ఇంతమందికి చెప్పాల్సి ఉంటుంది’ అన్న హెచ్‌ఆర్ మీద ఎక్కువ నమ్మకం పెట్టుకోవచ్చు. మీ ఇద్దర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టి ‘మాట్లాడుకోండి’ అనే అలవాటు కొందరికి ఉంది. మొదటి విడతలో దానికి ఒప్పుకోకండి, విడివిడిగా వినమనండి. బయటికొచ్చిన గంటలోపే ‘ఈరోజు మనం మాట్లాడుకున్నవి ఇవి, మీరు ఫలానా తేదీలోపు చెబుతానన్నారు’ అని మెయిల్ పెట్టండి. హెచ్‌ఆర్ మీటింగుల్లో మాటలు మెత్తగా ఉంటాయి, మినిట్స్ (మాట్లాడుకున్నదాని రాత రికార్డు) ఉండవు. ఆ మెయిలే మినిట్స్.

ఉద్యోగుల అభిప్రాయ సేకరణ సర్వేలో రాయొచ్చా అని కొందరు అడుగుతుంటారు. అంకెలు ఇవ్వండి, కామెంట్ పెట్టెలో మాత్రం జాగ్రత్త. పేరు లేకపోయినా, పన్నెండు మంది టీమ్‌లో ‘శనివారం రిలీజ్’ అని రాసిందెవరో తెలియకుండా ఉండదు.

పీఐపీ మాట నిజమైతే, ఆ కాగితంలో మూడు చూడండి. ఎన్ని రోజులు (మామూలుగా 30, 60, 90లో ఒకటి), ఏం సాధించాలో అంకెల్లో ఉందా, వారం వారం సమీక్ష చేసేదెవరు. ‘యాటిట్యూడ్ మెరుగుపడాలి’ అని ఉంటే దాన్ని కొలిచేదెలాగో రాసివ్వమనండి. సంతకం పెట్టనని మొండికేస్తే అదో తప్పవుతుంది. సంతకం పెట్టి, దాని కిందే ‘అందింది. ఇందులోని విషయాలతో ఏకీభవించడం లేదు, వివరణ విడిగా పంపుతున్నాను’ అని రాయండి. ఆన్‌లైన్‌లో అయితే కామెంట్‌లో అదే రాయండి. లోపాలు రాసివ్వమని మీరు ముందే అడిగి ఉన్నారు. ఇవ్వకుండా నేరుగా పీఐపీ ఇచ్చారంటే అది ఫిర్యాదుకి ప్రతీకారంలా కనిపిస్తుంది, అది హెచ్‌ఆర్‌కీ తెలుసు.

హెచ్‌ఆర్ నిజంగా ఉద్యోగికి ఎదురు నిలిచేది బలవంతపు రాజీనామా దగ్గర. గదిలోకి పిలుస్తారు, లాప్‌టాప్ అక్కడే పెట్టమంటారు, ‘ఇప్పుడే రిజైన్ చేస్తే రిలీవింగ్ లెటర్ క్లీన్‌గా ఇస్తాం, లేదంటే టెర్మినేషన్, రేపు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో నువ్వే ఇబ్బంది పడతావ్’ అంటారు. ఈ తొందర ఎందుకంటే, కంపెనీ తీసేస్తే కార్మిక చట్టం కింద నెల నోటీసో ఆ నెల జీతమో, పైన సర్వీసులో ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున పరిహారం లాంటి బాధ్యతలు మెడకు చుట్టుకోవచ్చు. మీ అంతట మీరే వెళ్లిపోయినట్టు రాసిస్తే అవేవీ ఉండవు. ఆ రోజు ఆ గదిలో దేనికీ సంతకం పెట్టకండి. ‘ఇంట్లో మాట్లాడాలి, రెండు రోజులు టైమివ్వండి’ అనండి, అదే మాట ఫోన్ నుంచైనా మెయిల్ పెట్టండి. ఒకవేళ భయపడి సంతకం పెట్టేసినా ఆ సాయంత్రమే ‘ఒత్తిడి వల్ల చేసిన సంతకం, ఉపసంహరించుకుంటున్నాను’ అని పంపండి. వారం తర్వాత పంపితే దానికి విలువ బాగా తగ్గిపోతుంది.

లేబర్ డిపార్ట్‌మెంట్ దాకా వెళ్లాల్సి వస్తే మీరు చట్టం దృష్టిలో ‘కార్మికురాలు’ అవుతారా అన్నది మొదటి ప్రశ్న. హోదా పేరు కన్నా చేసే పనే ముఖ్యం. మీరు స్వయంగా టెస్టింగ్ చేస్తూ, మీ కింద ఎవరి సెలవూ రేటింగూ మీ చేతిలో లేకపోతే మీ వాదనకు బలం ఉంటుంది. మేనేజర్ స్థాయి పని చేసేవాళ్లు, నెలకు 18,000 రూపాయలు దాటిన సూపర్‌వైజర్లు ఆ పరిధిలోకి రారు. దుకాణాలు, సంస్థల చట్టంలో ఐటీ కంపెనీలకు కొన్ని మినహాయింపులు కూడా ఉన్నాయి కాబట్టి ఫిర్యాదు రాసే ముందు కార్మిక కేసులు చూసే లాయర్‌కి మీ అపాయింట్‌మెంట్ లెటర్ ఒకసారి చూపించండి.

హెచ్‌ఆర్ కానివి ఇంకో రెండు తలుపులున్నాయి. 20 మందీ అంతకు మించీ కార్మికులున్న సంస్థలో గ్రీవెన్స్ కమిటీ ఉండాలి, అందులో యాజమాన్యం తరఫువాళ్లూ కార్మికుల తరఫువాళ్లూ సమానంగా ఉండాలి. మేనేజర్ ప్రవర్తనలో ఎప్పుడైనా లైంగికపరమైన మాటో చేష్టో ఉంటే దారి పూర్తిగా మారుతుంది. పనిచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం కింద పదిమంది ఉన్న ఆఫీసులో కూడా ఇంటర్నల్ కమిటీ ఉండాలి, అధ్యక్షురాలు మహిళే కావాలి, బయటి సభ్యులొకరు ఉండాలి. ఫిర్యాదుకి గడువు మూడు నెలలు, తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. విచారణ 90 రోజుల్లో ముగించాలి. అలాంటి విషయాన్ని హెచ్‌ఆర్‌కి నోటితో చెప్పి ఊరుకోకండి. ఆ మూడు నెలలు మీరు కమిటీకి రాసేదాకా నడుస్తూనే ఉంటాయి.

ఏదీ కుదరక మీరే మానేయాలనుకుంటే మీ లెక్క మీ దగ్గర ఉండాలి. ఐదేళ్లు దాటారు కాబట్టి గ్రాట్యుటీ వస్తుంది. బేసిక్ 40,000 అనుకుంటే దాన్ని 15తో గుణించి, 26తో భాగించి, ఆరేళ్లతో గుణించండి, సుమారు 1,38,461 రూపాయలు. కొత్త కోడ్‌లలో అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే దాటిన భాగం వేతనంలో కలుస్తుంది కాబట్టి ఇంతకన్నా ఎక్కువే రావచ్చు. రావాల్సిన వేతనాలు రాజీనామా చేసినా రెండు పనిదినాల్లో ఇచ్చేయాలని 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉన్న వేతనాల కోడ్ చెబుతోంది. ‘ఫుల్ అండ్ ఫైనల్‌కి 45 రోజులు’ అని అలవాటుగా అంటే ఈ మాట గుర్తుచేయండి. పీఎఫ్‌లో మీరు మానేసిన తేదీ కంపెనీ వేయకపోతే, చివరి చందా పడిన రెండు నెలల తర్వాత పీఎఫ్ వాళ్ల యూఏఎన్ (పీఎఫ్ ఖాతా నంబర్) పోర్టల్‌లో ఆధార్ ఓటీపీతో మీరే వేసుకోవచ్చు. దానికోసం ఎవర్నీ బతిమాలక్కర్లేదు.

ఇదంతా చదివి భయపడకండి. మీలాంటి కేసుల్లో ఎక్కువగా హెచ్‌ఆర్ చేసేది మేనేజర్‌ని మందలించడమూ కాదు, మిమ్మల్ని పంపేయడమూ కాదు, ఇంకో ప్రాజెక్టుకి మార్చడం. గొడవ పెద్దది కాకుండా ఆపడానికి వాళ్ల చేతిలో ఉన్న సులువైన దారి అదే. మీకు అన్యాయంగా అనిపించవచ్చు, తప్పు చేసినవాడు ఉన్నచోటే ఉన్నాడు కదా అని. అయినా మా సలహా, ఆఫర్ చేస్తే తీసుకోండి. అయితే ఒప్పుకునే ముందు మెయిల్‌లో ఒక్కటి తేల్చుకోండి: ఈ ఏడాది చివరి రేటింగ్ రాసేది పాత మేనేజరా, కొత్త మేనేజరా? ఆ జవాబు చేతికొచ్చేదాకా ట్రాన్స్‌ఫర్ రిక్వెస్ట్‌లో ‘యాక్సెప్ట్’ నొక్కకండి.